ఒక చేత్తో వాయిస్తూ, ఒక చేత్తో రాస్తూ



1930ల చివర్లో అమెరికాలో డాన్సు హాళ్ళనీ రేడియోనీ ఏలిన పేరు బెనీ గుడ్‌మన్. ‘కింగ్ ఆఫ్ స్వింగ్’ అని ఆయనకి బిరుదు. 1937లో ఆయన బృందం ‘రోల్ ఎమ్’ అనే వాద్యగీతాన్ని రికార్డు చేసింది. బూగీ ఊగీ అని పియానో వాయిద్యంలో ఒక పద్ధతి ఉంది. ఎడమచెయ్యి ఒకే వరసను తిరగేసి మరగేసి వాయిస్తూ ఉంటే, కుడిచెయ్యి దాని మీద ఆడుకుంటుంది. ఒక్క పియానోకి సరిపోయే ఆ పద్ధతిని ట్రంపెట్లు, ట్రాంబోన్లు, సాక్సఫోన్లతో నిండిన పెద్ద బృందానికి పంచిపెట్టిన రచన అది. జనం వెర్రెత్తి డాన్సు చేశారు. పేరు గుడ్‌మన్‌కి వచ్చింది. దాన్ని రాసింది మాత్రం ఇరవై ఏడేళ్ళ నల్లజాతి యువతి. ఆమె పేరు మేరీ లూ విలియమ్స్. ఈ ప్రసంగం ఆమె గురించి.

ఆమె పియానిస్టు, అరేంజర్. పియానిస్టు అంటే అందరికీ తెలుసు. అరేంజర్ ఎవరు? సినిమా పాటల రికార్డింగు గురించి విన్నవాళ్ళకి ఈ పని కొత్త కాదు. సంగీత దర్శకుడు హార్మోనియం ముందు కూర్చుని వరస కడతాడు. ఆ వరసకి వయొలిన్లు ఎక్కడ ఎత్తుకోవాలి, వేణువు ఎక్కడ పలకాలి, ఎక్కడ అందరూ ఆగిపోవాలి అని ఆలోచించి, ఎవరి కాగితం వాళ్ళకి రాసిచ్చే మనిషి పక్కన ఇంకొకరుంటారు. ఆ పేరు టైటిల్సులో కనపడీ కనపడకుండా వెళ్ళిపోతుంది.

జాజ్‌లో ఈ పనికి ఒక చిక్కు ఎక్కువ. జాజ్‌కి ప్రాణం మనోధర్మం. ఇద్దరు ముగ్గురు వాయిస్తున్నప్పుడు ఒకరి మాట ఒకరు అందుకుంటూ పోవచ్చు. స్వింగ్ కాలంలో బృందాలు పన్నెండు మందికీ పదిహేను మందికీ పెరిగాయి. అంతమందీ ఎవరికి తోచింది వాళ్ళు వాయిస్తే అది సంగీతం కాదు, సంత. కాబట్టి ఎంతవరకు రాసిపెట్టాలి, ఎక్కడ కాగితం పక్కన పెట్టి ఒకణ్ణి వాడి ఇష్టానికి వదిలెయ్యాలి, వదిలేసినప్పుడు మిగతావాళ్ళు వెనకనుంచి ఏం అందించాలి అనేవన్నీ తేల్చవలసింది అరేంజర్. అంటే మంచి అరేంజర్‌కి స్వరజ్ఞానం ఒక్కటే చాలదు, మనుషులు తెలియాలి. మేరీ లూ విలియమ్స్ ఇందులో దిట్ట.

ఆమె పుట్టింది 1910 మే 8న, జార్జియా రాష్ట్రంలోని అట్లాంటాలో. పెట్టిన పేరు మేరీ ఎల్‌ఫ్రీడా స్క్రగ్స్. తల్లి పేరు వర్జీనియా. ఆమె ఇంట్లో, కాళ్ళతో తొక్కుతూ వాయించే ఆర్గన్ ఉండేది. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వాయించుకునేది. పిల్లకి మూడేళ్ళు వచ్చాయో లేదో, ఒకరోజు తల్లి వాయించి ఆపిన వరసను ఆ చిన్న వేళ్ళు తిరిగి వాయించాయి. తల్లి ఉలిక్కిపడి, ఇరుగుపొరుగుని పిలుచుకురావడానికి పరిగెత్తిందట.

ఆ తర్వాత ఆమె చేసిన పని విచిత్రమైనది. పిల్లకి మాస్టారిని పెట్టనని తేల్చి చెప్పింది. కారణం ఆమె సొంత అనుభవం. ఒక మాస్టారి దగ్గర నేర్చుకుని, కాగితం చూసి వాయించడం అలవాటయ్యాక, కాగితం లేకుండా సొంతంగా వాయించే శక్తి తనకి పోయిందని ఆమె బాధ. బిడ్డకి ఆ గతి పట్టకూడదనుకుంది. మాస్టారికి బదులు సంగీతం తెలిసినవాళ్ళని ఇంటికి పిలిచి వాయించమనేది. పిల్ల వినేది, విని వాయించేది. చదువు అంతే. అమెరికాలోని పేరున్న బృందాలెన్నిటికో తర్వాత కాగితాల మీద సంగీతం రాసిచ్చిన మనిషి బాల్యం కాగితం ముట్టకుండా గడిచింది.

పిల్లకి నాలుగైదేళ్ళప్పుడు కుటుంబం పిట్స్‌బర్గ్ వెళ్ళింది. అక్కడ తెల్లవాళ్ళ మధ్య ఇల్లు. ఇటుకలు విసిరి రానివ్వబోమని చెప్పిన పొరుగువాళ్ళే, కొన్నాళ్ళకి ఈ పిల్ల పియానో విని, ఇంటికి పిలిపించుకుని వాయించుకున్నారు. ఈస్ట్ లిబర్టీ పేటలో ‘చిన్న పియానో పిల్ల’ అని పేరు పడింది. కోటీశ్వరులైన మెలన్ కుటుంబం విందుల్లో కూడా వాయించింది.

సవతి తండ్రి ఫ్లెచర్ బర్లీ జూదరి. పిల్లంటే ప్రాణం. ఇంటికి తనంతట తానే మోగే ప్లేయర్ పియానో కొని తెచ్చాడు. కాగితపు చుట్టలోని చిల్లుల ప్రకారం మెట్లు వాటంతటవే కిందికి దిగుతుంటే, పిల్ల ఆ మెట్ల మీద వేళ్ళు ఆనించి, జేమ్స్ పి. జాన్సన్ వంటి గొప్పవాళ్ళ వాయిద్యాన్ని పట్టుకుంది. జూదశాలలకి చిన్నపిల్లలు వెళ్ళకూడదు కదా. తన పెద్ద కోటు కింద దాచి తీసుకెళ్ళేవాడు. ఆమె వాయిస్తుంటే టోపీ తిరగేసి, ముందు తానే ఒక డాలరు వేసి, మీరూ వెయ్యండయ్యా అనేవాడు. డబ్బులు బాగా పోగయ్యాక, బయటికి వచ్చి తన డాలరు తాను అడిగి తీసుకునేవాడు. ఈ ముచ్చట ఆమే తర్వాత నవ్వుకుంటూ చెప్పారు.

ఆ రోజుల్లోనే పిట్స్‌బర్గ్‌లోని ఒక థియేటర్‌లో ఆమె ఒక దృశ్యం చూసింది. స్టేజీ కింద వాద్యబృందంలో ఐదారుగురు మగవాళ్ళు. వాళ్ళ నడుమ పియానో ముందు ఒక ఆడమనిషి, లవీ ఆస్టిన్. కాలు మీద కాలు, పెదవుల మధ్య సిగరెట్టు. ఎడమచేత్తో పియానో వాయిస్తూ బృందాన్ని నడిపిస్తోంది. కుడిచేత్తో, తర్వాత రాబోయే అంశానికి కావలసిన సంగీతం రాస్తోంది. పిల్ల కళ్ళప్పగించి చూసింది. ఎప్పటికైనా నేనూ ఇలా చేస్తాను అనుకుంది. కొన్నేళ్ళకి చేసి చూపించింది కూడా.

పదిహేనేళ్ళు నిండకముందే ఆమె నాటక బృందాలతో ఊళ్ళు తిరగడం మొదలుపెట్టారు. అక్కడే జాన్ విలియమ్స్ అనే సాక్సఫోన్ వాద్యకారుడితో పరిచయం, తర్వాత పెళ్ళి. 1929లో ‘ట్వెల్వ్ క్లౌడ్స్ ఆఫ్ జాయ్’ అనే బృందానికి ఆండీ కర్క్ నాయకుడయ్యాడు. జాన్ అందులో ఉద్యోగి. మేరీ లూ అందులో ఉద్యోగి భార్య, అంతే. పియానోకి ఇంకొకాయన ఉన్నాడు. బృందం టల్సాలో ఉన్న రోజుల్లో ఆమె ఒక అంత్యక్రియల సంస్థలో శవవాహనం నడిపి నాలుగు డబ్బులు సంపాదించుకున్నారు. బృందం కాన్సాస్ సిటీకి మారింది. మొదటి రికార్డింగు రోజున అసలు పియానిస్టు రాలేదు. ఆమెను కూర్చోబెట్టారు. రికార్డింగు కంపెనీ తరఫున వచ్చిన జాక్ కాప్ ఆమె వాయిద్యం విన్నాక, ఇక ఆమె లేకుండా ఆ బృందాన్ని రికార్డు చెయ్యడానికి ఒప్పుకోలేదు. ‘మేరీ లూ’ అనే పేరు కూడా ఆయన పెట్టిందే. 1931కల్లా ఆమె బృందంలో స్థిరమైన పియానిస్టు.

రాయడం ఎలా వచ్చింది? ఆమెకి బుర్రలో సంగీతం సిద్ధంగా ఉండేది గానీ, దాన్ని కాగితం మీద పెట్టడం తెలియదు. మొదట్లో ఆమె పియానో మీద వినిపిస్తే ఆండీ కర్క్ రాసిపెట్టేవాడు. ఆయన తీరిక కోసం కాచుకునే ఓపిక లేక, ఆయన దగ్గరే రాత నేర్చుకున్నారు. తొలిరోజుల్లో ఆమె రాసిచ్చిన కొన్ని స్వరాలు ఆ వాద్యాల మీద అసలు పలకనివి. వాద్యకారులు పడీపడీ నవ్వారు. ఏ వాద్యం ఎంత కిందికి దిగుతుంది, ఎంత పైకి పోతుంది, ఏ మనిషికి ఏ స్థాయిలో గొంతు బాగుంటుంది అని ఒక్కొక్కటీ పక్కన కూర్చుని విని తెలుసుకున్నారు.

ఆ రోజుల్లో కాన్సాస్ సిటీ రాత్రుళ్ళు నిద్రపోని ఊరు. మద్యనిషేధం దేశమంతా అమలులో ఉన్నా, టామ్ పెండర్‌గాస్ట్ అనే రాజకీయ పెద్ద చలవవల్ల అక్కడ క్లబ్బులకి తలుపులు పడేవి కావు. క్లబ్బులున్న చోట వాద్యకారులకి పని. పని అయ్యాక తెల్లవార్లూ పోటీలు. ఒక రాత్రి న్యూయార్క్ నుంచి సాక్సఫోన్ దిగ్గజం కోల్‌మన్ హాకిన్స్ వచ్చాడు. చెర్రీ బ్లోసమ్ అనే క్లబ్బులో లెస్టర్ యంగ్, బెన్ వెబ్‌స్టర్, హెర్షెల్ ఎవాన్స్ అనే స్థానికులు ఆయన్ని చుట్టుముట్టారు. తెల్లవారుజామున నాలుగింటికి మేరీ లూ ఇంటి కిటికీ మీద ఎవరో తట్టారు. చూస్తే బెన్ వెబ్‌స్టర్. పియానిస్టులందరూ అలిసి పడిపోయారు, హాకిన్స్ మటుకు చొక్కా విప్పేసి ఇంకా ఊదుతూనే ఉన్నాడు, లేచి రమ్మని పిలుపు. ఆమె వెళ్ళారు. జాజ్ చరిత్రలో కథలు కథలుగా చెప్పుకునే ఆ పోటీకి, ఆ వేళప్పుడు ఆమె పియానో ఊతం.

ఇప్పుడు ఆమె పనితనాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. 1936లో కర్క్ బృందం రికార్డు చేసిన ‘వాకిన్ అండ్ స్వింగిన్’ ఆమె రచన. అందులో ఆమెకి సాక్సఫోన్ల గుంపు నిండుగా, ఒత్తుగా వినిపించాలి. మనసులో ఉన్న శ్రుతుల కూర్పుకి ఒక గొంతు తక్కువైంది. ఇంకో సాక్సఫోన్ మనిషిని జీతానికి పెట్టుకునే స్తోమత బృందానికి లేదు. ఆమె ఏం చేశారంటే, ట్రంపెట్ వాళ్ళలో ఒకణ్ణి సాక్సఫోన్లతో కలిపేశారు. ట్రంపెట్ నోటికి టోపీలాంటి మూత అడ్డం పెట్టించి, దాని పదును తగ్గించారు. దాంతో అది సాక్సఫోన్లలో ఒకటిగా ఒదిగిపోయింది. వినేవాడికి ఆ గుంపు రంగు ఎక్కడో కొత్తగా ఉందని తెలుస్తుంది గానీ, ఎందుకో తెలియదు. లోటును కప్పిపుచ్చడానికి వేసిన ఎత్తు కాస్తా ఆ రచనకి అందమైంది.

దాని ప్రభావం అక్కడితో ఆగలేదు. పియానిస్టు థెలోనియస్ మంక్ పేరు మీద ‘రిథమ్ ఎ నింగ్’ అని ప్రసిద్ధమైన రచన ఉంది. దాని ఎత్తుగడ పలుకు అంతకు ఇరవయ్యేళ్ళ ముందే ‘వాకిన్ అండ్ స్వింగిన్’లో ఉంది. మంక్ కుర్రాడిగా ఒక మతప్రచార బృందంతో కాన్సాస్ సిటీకి వచ్చినప్పటినుంచీ ఆమెకి తెలుసు.

1936లోనే కర్క్ బృందానికి ‘అంటిల్ ద రియల్ థింగ్ కమ్స్ అలాంగ్’ అనే ప్రేమపాటతో దేశమంతటా పేరొచ్చింది. ఇక ప్రతిరాత్రీ ఒక ఊరు. రాత్రికి ఐదువందల మైళ్ళ ప్రయాణాలు. అదే సమయంలో గుడ్‌మన్, ఎర్ల్ హైన్స్, టామీ డార్సీ వంటి నాయకులందరూ ఆమెనే రాసిమ్మంటున్నారు. కారు కదులుతుండగా వెనక సీట్లో టార్చిలైటు వెలుతురులో రాసేవారు. వేదిక మీద, లవీ ఆస్టిన్ లాగే, ఎడమచేత్తో వాయిస్తూ కుడిచేత్తో రాసిన రాత్రులూ ఉన్నాయి. ‘ద లేడీ హూ స్వింగ్స్ ద బ్యాండ్’ అని బృందం ఆమె మీద ఒక పాటే కట్టి రికార్డు చేసింది. అయితే ఆ ప్రేమపాట విజయానికి ఒక వెల ఉంది. జనం మళ్ళీ మళ్ళీ అలాంటి తీపిపాటలే అడిగారు. పదేళ్ళపాటు ఆ బృందానికి వెన్నెముకగా ఉన్న ఆమె, కొత్త రాతకి చోటు తగ్గిపోవడంతో విసిగి 1942లో బయటికొచ్చేశారు.

తర్వాత కొన్నాళ్ళు రెండవ భర్త, ట్రంపెట్ వాద్యకారుడు షార్టీ బేకర్‌తో కలిసి డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం వెంట తిరుగుతూ ఆయనకి రాశారు. ‘బ్లూ స్కైస్’ అనే ప్రసిద్ధ గీతాన్ని ట్రంపెట్ల పోటీగా మార్చి ఆమె కూర్చిన ‘ట్రంపెట్ నో ఎండ్’ను ఎల్లింగ్టన్ ఏళ్ళ తరబడి వాయించారు.

న్యూయార్క్‌లో స్థిరపడ్డాక ఆమె కెఫే సొసైటీ అనే క్లబ్బులో చేరారు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ పక్కపక్క కుర్చీల్లో కూర్చోగలిగే క్లబ్బులు అప్పట్లో అరుదు. అది అలాంటిది. డబ్ల్యు.ఎన్.ఇ.డబ్ల్యు. రేడియో స్టేషన్‌లో వారం వారం ‘పియానో వర్క్‌షాప్’ అనే కార్యక్రమం కూడా నడిపారు. అక్కడ తయారైందే ఆమె పెద్ద రచన, ‘జోడియాక్ సూట్’. పన్నెండు రాశులకి పన్నెండు భాగాలు. మనం రాశి అంటే పుట్టినప్పుడు చంద్రుడున్న రాశి చెబుతాం. పాశ్చాత్యులు సూర్యుడున్న రాశి చూస్తారు. ఆ లెక్కన ఎల్లింగ్టన్‌ది వృషభం. బిల్లీ హాలిడేది, బెన్ వెబ్‌స్టర్‌ది మేషం. ఆర్ట్ టేటమ్, మంక్, డిజ్జీ గిలెస్పీ, బడ్ పవెల్ నలుగురూ తులారాశి వాళ్ళు. ఏ రాశిలో పుట్టిన స్నేహితులకి ఆ రాశి భాగాన్ని అంకితమిచ్చారు. కొన్ని భాగాలు ముందే రాసుకున్నవి. మిగతావి వారానికొకటి చొప్పున రేడియోలో, చాలావరకు అప్పటికప్పుడు పుట్టినవి. 1945 డిసెంబరు 31న న్యూయార్క్ టౌన్ హాల్‌లో తీగవాద్యాలూ జాజ్ వాద్యాలూ కలిసిన బృందంతో మొత్తం సూట్‌ను వినిపించారు. రిహార్సల్ చాల్లేదు, విమర్శకులు ముక్తసరిగా మాట్లాడారు. ఆమె చాలా కుంగిపోయారు. ఆ రాత్రి రికార్డింగు జనానికి అందడానికి దశాబ్దాలు పట్టింది.

అప్పటికే జాజ్ మారిపోతోంది. హార్లెమ్‌లో కుర్రవాళ్ళు బీబాప్ అనే కొత్త పద్ధతి తెచ్చారు. నడక వేగం, శ్రుతులు జటిలం, డాన్సుకి పనికిరాదు. స్వింగ్ కాలపు పెద్దలు చాలామంది ఇదేం గోల అన్నారు. మేరీ లూ మాత్రం హామిల్టన్ టెరస్‌లోని తన ఫ్లాట్ తలుపులు తెరిచిపెట్టారు. క్లబ్బులు కట్టేశాక మంక్, బడ్ పవెల్, టాడ్ డామెరన్, గిలెస్పీ అక్కడ చేరేవారు. కొత్తగా కట్టింది వినిపించేవారు. ఆమె తిండి పెట్టేవారు, సలహా చెప్పేవారు, తనకి తెలియనిది వాళ్ళ దగ్గర నేర్చుకునేవారు. 1949లో గిలెస్పీ బృందానికి ‘ఇన్ ద ల్యాండ్ ఆఫ్ ఊ బ్లా డీ’ కూర్చి ఇచ్చినప్పుడు అది అచ్చమైన బీబాప్. స్వింగ్ తరంలో పేరు సంపాదించి, తర్వాతి తరం భాషలో అంత ధారాళంగా రాసినవాళ్ళు బహు తక్కువ.

1952లో కొద్ది రోజుల కోసమని ఇంగ్లండు వెళ్ళి, రెండేళ్ళు యూరప్‌లోనే ఉండిపోయారు. 1954లో పారిస్‌లో ఒక రాత్రి వాయిస్తూ వాయిస్తూ లేచి వెళ్ళిపోయారు. ఇక పియానో వద్దనుకున్నారు. స్నేహితుల్లో మత్తుమందులకి బలైనవాళ్ళు ఒక్కొక్కరే రాలిపోతున్నారు. 1955లో చార్లీ పార్కర్ ముప్ఫై నాలుగేళ్ళకే పోయాడు. ఆమె గంటల తరబడి ప్రార్థనలో గడిపేవారు. 1957లో, గిలెస్పీ భార్య లొరెయిన్‌తో పాటు, కాథలిక్ మతం తీసుకున్నారు. సంగీతం మానేస్తే ఎలా, నీకు దేవుడిచ్చిన పని అదే కదా అని గిలెస్పీ, కొందరు ఫాదర్లు నచ్చజెప్పాక, ఆ ఏడాదే న్యూపోర్ట్ ఉత్సవంలో గిలెస్పీ బృందంతో మళ్ళీ వేదిక ఎక్కారు.

ఆ తర్వాత ఆమె జీవితంలో రెండు పనులు జోడుగా సాగాయి. ఒకటి, మత్తుకి బానిసలైన వాద్యకారుల కోసం బెల్ కాంటో ఫౌండేషన్ పెట్టారు. సొంత ఫ్లాట్‌లో వాళ్ళకి చోటిచ్చారు. ఖర్చుల కోసం పాత బట్టలు, సామాన్ల దుకాణం నడిపారు. రెండోది, చర్చి కోసం జాజ్ రాశారు. నల్లజాతి మూలాలున్న పెరూ సాధువు మార్టిన్ డి పోరెస్ మీద 1962లో కీర్తన కట్టారు. ‘మేరీ లూస్ మాస్’ అనే ఆరాధన సంగీతానికి 1971లో ప్రసిద్ధ నృత్యదర్శకుడు ఆల్విన్ ఏలీ నృత్యం కూర్చారు. 1975లో అదే సంగీతం న్యూయార్క్ సెయింట్ పాట్రిక్స్ కాథడ్రల్‌లో ఆరాధన మధ్య వినిపించింది. ఒకప్పుడు జూదశాలల్లో టోపీలో పడ్డ చిల్లర కోసం వాయించిన బ్లూస్ స్వరాలే అందులోనూ ఉన్నాయి. ఆమె వాటిని దాచలేదు. జాజ్ పుట్టుపూర్వోత్తరాలను ఒక చెట్టు బొమ్మగా గీయించి, వేళ్ళ దగ్గర ‘బాధ’ అని రాయించిన మనిషి ఆమె.

1977 నుంచి నార్త్ కరోలినాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. మాస్టారు లేకుండా నేర్చుకున్న ఆమె దగ్గర చదువుకోవడానికి విద్యార్థులు తోసుకుంటూ వచ్చేవారు. మేరియన్ మెక్‌పార్ట్‌లండ్ అనే పియానిస్టు అమెరికా పబ్లిక్ రేడియోలో ‘పియానో జాజ్’ అనే కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, మొట్టమొదటి అతిథిగా పిలిచింది మేరీ లూనే. ఆ కార్యక్రమం ఆ తర్వాత మూడు దశాబ్దాలకి పైగా నడిచింది. 1981 మే 28న, డెబ్భై ఒక్క ఏళ్ళ వయసులో, క్యాన్సర్‌తో ఆమె కన్నుమూశారు. సమాధి పిట్స్‌బర్గ్‌లో.

ఆమె గురించి రాసేవాళ్ళు తరచు ఒక మాట అంటారు: జాజ్‌లో వచ్చిన ప్రతి యుగంలోనూ ఆమె ఉన్నారని. నిజమే. ఎలా ఉండగలిగారన్నది నాకు అంతకంటే ముఖ్యం. కాలంతో పరిగెత్తి కాదు. అరేంజర్ పని ఏమిటి? పక్కవాడు ఎలా పలుకుతాడో శ్రద్ధగా విని, ఆ పలుకుకి తగిన చోటు చూపించడం. కర్క్ బృందంలో ట్రంపెట్‌ను సాక్సఫోన్ల సరసన కూర్చోబెట్టిన చెవే, హార్లెమ్ ఫ్లాట్‌లో మంక్‌ను విన్నది. మత్తులో మునిగినవాడికి చోటిచ్చింది కూడా ఆ స్వభావమే. స్వింగ్ యుగం పోయినా ఆమెకి పని పోకపోవడానికి కారణం అది. ఆమె నేర్చుకున్నది ఒక శైలి కాదు, వినడం.

ఇప్పుడు ఈ రికార్డులన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. జాజ్ అలవాటు లేనివారు ‘వాకిన్ అండ్ స్వింగిన్’తో మొదలుపెట్టండి. మూడు నిమిషాలకి మించదు. మొదటిసారి ఊరికే కాలు ఆడిస్తూ వినండి. రెండోసారి సాక్సఫోన్లనే పట్టుకుని పోండి, వాటి మధ్య కలిసిపోయిన ట్రంపెట్ దొరుకుతుందేమో చూడండి. తర్వాత ‘రోల్ ఎమ్’, ఆ తర్వాత ‘జోడియాక్ సూట్’. అందులో మీ రాశి ఏదో చూసుకుని దానితోనే మొదలుపెట్టినా తప్పులేదు.